చేపతోకల పుట్టిల్లు

జూలై 28

పిన్నీ!

ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం మైకులోంచి వచ్చింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటున్నాను. మా కాలేజీ మైకు ఎప్పుడూ కట్టని ఫీజుల గురించో పోయిన గొడుగుల గురించో గరగరలాడుతుంది తప్ప మంచి మాట చెప్పి ఎరగదు. అలాంటిది పొద్దున్నే నా పేరు చెప్పింది. నా గొడుగు నా దగ్గరే ఉందే అనుకుంటూ లేచాను. గొడుగు కాదు పిన్నీ, బహుమతి! సొంతంగా వ్యాసం రాసి సభలో చదివే పోటీలో మొదటి బహుమతి నాకు.

ముందే చెప్పలేదని తిట్టకు. ఓడిపోతే నువ్వు ఓదారుస్తావు. నీ ఓదార్పు ఓటమికన్నా ఘోరంగా ఉంటుంది. నిన్న సాయంత్రం చదివాను. దేని గురించో చెప్పుకో చూద్దాం. మన చేపతోకల గురించి! పేరు వినగానే ముందు వరసలో ఒకాయన చేపల పెంపకం అనుకుని లేవబోయాడు. "కూర్చోండి సార్, ఇవి నీళ్లలో ఈదవు, నీడలో ఎదుగుతాయి" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు.

పువ్వూ కాయా లేకుండా, ఆకు వెనక చుక్కల్లోంచి రాలే పొడితోనే పుట్టే ఫెర్న్ మొక్కలని చెప్పాను. కొత్త ఆకు లేచి నిలబడేదాకా పాత ఆకు పచ్చదనం వదలదని, అందుకే ఏడాది పొడవునా మన సందు చీకట్లో దీపం పెట్టినట్టుంటుందని చెప్పాను. మన ఇంటి వెనక గోడకీ గోడౌను గోడకీ మధ్య ఎండ మొహం ఎరగని ఆ సందులో నువ్వూ నేనూ ఆరేళ్లు పడ్డ పాట్లు చెప్పాను. గాజు సీసాలో మొదటిసారి లేచిన ఆకుపచ్చ పొరని అమ్మ పాచి అనుకుని సబ్బు పెట్టి కడిగేసింది కదా, అదీ చెప్పాను. నువ్వు రెండు పూటలు అన్నం మానేశావని మాత్రం చెప్పలేదు.

పిన్నీ, 'చెమ్మ' అని ఒకసారి గట్టిగా అను. పెదవులు రెండూ అతుక్కుంటాయి. నిజంగా తడి తగిలినట్టే ఉంటుంది. ఈ మాటలన్నీ ఇన్నాళ్లూ మనింట్లోనే పడి ఉన్నాయి, నేనే తొక్కుకుంటూ తిరిగాను.

అయ్యాక మా మొక్కల సార్ నన్ను ఆపి అరగంట మాట్లాడారు. వృక్షశాస్త్రం చెప్పే సార్‌ని మేమంతా అలాగే అంటాం. "నువ్వు చెప్తుంటే కళ్లకు కట్టింది" అన్నారు. ఎన్ని ప్రశ్నలు వేశారో! నా మాట ఇంత ఓపిగ్గా విన్న పెద్దమనిషిని ఇంతవరకు చూడలేదు. (నిన్ను లెక్కలోకి తీసుకోలేదు. నువ్వు పెద్దమనిషివి కావు, పిన్నివి.)

సందులో మన పొడుగమ్మ ఈ వానలకి ఎన్ని చిగురు చుట్టలు విప్పింది? నాకన్నా ఎత్తయిపోయిందా?

పాదాలు నేల మీద ఆనని
నీ గిలక

*

ఆగస్టు 6

గిలకా,

బహుమతి వచ్చిన మనిషిని ఇంకా గిలకా అనొచ్చో లేదో తెలీదు. బావి దగ్గర గిలకైనా తాడు లాగినప్పుడే అరుస్తుంది, నువ్వు లాగకపోయినా అరుస్తావు. అందుకే ఆ పేరు మార్చను.

నీ ఉత్తరం దుకాణంలోనే విప్పాను. ఒక చేత్తో ఉత్తరం, ఒక చేత్తో కళ్లద్దాల ఫ్రేము. ఫ్రేము విరిగింది. ఆ అద్దాలాయన ఏమీ అనలేదు, అద్దాలు లేక నన్ను చూడలేదు. అమ్మ నీ సబ్బు సంగతి చదివి, "దాని కడుపు చల్లగా, నన్ను ఊరంతా నవ్వేలా చేసిందే" అంటూ తనే నవ్వింది.

పొడుగమ్మకి కొత్తగా ఐదు చుట్టలు వచ్చాయి. గడియారం స్ప్రింగు మీద గోధుమరంగు నూగు అంటించినట్టున్నాయి. నేను పక్కన నిలబడితే నా భుజం దాటింది. మిగతావి నడుం ఎత్తు. నువ్వు వెళ్లేముందు ఆకుల ఎరువు వేసిన మూల అన్నిటికన్నా బాగుంది. పాత ఆకులు కత్తిరించేయమని పక్కింటావిడ రోజూ సలహా ఇస్తోంది. వాటంతట అవి ఎండేదాకా ముట్టుకోనని చెప్పాను. "మీ ఇంట్లో మొక్కలకి కూడా వృద్ధాప్య గౌరవమా" అంది.

నిన్న ఒకాయన చత్వారం అద్దాలకి వచ్చాడు. కౌంటరు మీద మన చేపతోక కుండీ చూసి, "ఇవి మనిషెత్తువి దొరుకుతాయా? ఇరవై కావాలి" అన్నాడు. ఎక్కడో పెద్ద ఆసుపత్రి కడుతున్నారట, మధ్యలో ఎండ రాని ముంగిలట. ముందు కూర్చోండి, కళ్లు చూద్దాం అన్నాను. రెండో వరస అక్షరాలే కనిపించని మనిషికి మొక్కలెందుకో! చాలాసేపు కూర్చున్నాడు. మంచి మాటకారి. ఆ సంగతి తర్వాత రాస్తాను, కరెంటొచ్చింది, అద్దం సానపట్టాలి.

నువ్వు చదివింది నాకు పంపు. అందులో పుట్టింటి సంగతి రాయలేదు కదా? వాగు పక్క బండల మధ్య ఆ ఇరుకు మనిద్దరికీ తప్ప ఇంకొకరికి తెలీకూడదని నీకు వేరే చెప్పాలా. అక్కడి నుంచి మనమే ఒక్క మొక్క తేలేదు, ఆకు వెనక పొడి తెచ్చుకున్నాం అంతే. అక్కడి తల్లిమొక్క, మన పెద్దావిణ్ణి ముట్టుకోవాలంటేనే నాకు భయం. నువ్వు రాసి ఉండవులే. పిచ్చి ప్రశ్న అడిగాను.

చేతికి అద్దాల పొడి, కాగితానికి నా వేలిముద్రలు,
పిన్ని

*

ఆగస్టు 17

పిన్నీ,

ఆ మాటకారి సంగతి 'తర్వాత రాస్తా' అంటావా? కథ సగంలో ఆపి సానరాయి దగ్గరికి వెళ్లే మనిషిని నిన్నే చూశాను. మొక్కలు ఇస్తానన్నావా? ఇరవై ఎక్కడున్నాయి మనకి? పొడుగమ్మని ఇవ్వవు కదా?

నా వార్త విను. పై పోటీకి కూడా నన్నే పంపుతున్నారు. అక్టోబరు 12 పొద్దున. అన్ని కాలేజీల వాళ్లూ వస్తారు. మొక్కల సార్ తన కార్లో తీసుకెళ్తానన్నారు. నా వ్యాసం ఆయన దగ్గరే ఉంది, మెరుగులు చెప్తానని తీసుకున్నారు. అందుకే నీకు పంపలేదు. తిరిగి రాగానే మంచి దస్తూరీతో ఎత్తి రాసి పంపుతాను. పుట్టిల్లు అనే మాట అందులో ఎక్కడా లేదు, ఒట్టు.

సార్ గొప్ప మనిషి పిన్నీ. మేం మొక్కని 'అది' అంటాం, ఆయన 'ఈవిడ' అంటారు. మనలాగే! నాలుగు రోజులు ఊళ్లో లేరు. నిన్న తిరిగొచ్చారు. బూట్లకి ఎర్రమట్టి, అచ్చం మన వైపు మట్టిలా. చూడగానే ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మట్టి రంగుకి ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నేనేమో.

ఈ వారం నాకు దొరికిన మాట 'ఒదిగి'. ఫెర్న్ చిగురు ఒదిగి ఉంటుంది. ఎంత చక్కగా ఉందో చూడు.

ఆ మాటకారి సంగతి రాయి, రాయి, రాయి.

ఒదిగి ఉండడం చేతకాని
గిలక

*

సెప్టెంబరు 9

గిలకా,

ఇవాళ పుట్టింటికి వెళ్లాను. వానలు తగ్గాయి కదా, పెద్దావిడ ఆకుల వెనక చుక్కలు ముదిరి ఉంటాయని, కాగితం పొట్లాలు కూడా పట్టుకెళ్లాను.

ఏం లేదమ్మా అక్కడ.

బండలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి. పెద్దావిడ ఉన్నచోట గొయ్యి ఉంది. నేను దిగి నిలబడితే మోకాళ్ల దాకా వచ్చింది. ఆమె చుట్టూ ఉండేవి కూడా లేవు. పిల్లలవి, ఇంకా వేలెడంత లేనివి, కాళ్లకింద నలిగి ఉన్నాయి. బండ మీద బూట్ల గుర్తులు. గునపం దెబ్బకి రాయి అంచు తెల్లగా పగిలింది. వాటి వేళ్లు అంత సులువుగా రావు. గట్టిగానే పని చేసి ఉంటారు.

గోతిలో కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. పొద్దుటినుంచి ఎవరెవరినో అనుమానిస్తున్నాను. మేకలు తోలుకొచ్చే ముసలాయన్ని అనుమానించాను. పాపం, ఆయనకి గునపం ఎత్తే ఓపిక లేదు. మొన్న పక్క పొలంలో పంపుసెట్టు బాగు చెయ్యడానికి వచ్చిన వాళ్లని అనుమానించాను. చివరికి మీ అమ్మని! ఎప్పుడో నిద్రలో నేనేమైనా వాగానా, అది ఆమె తను పనిచేసే మిల్లులో ఎవరితోనైనా అందా అని అడిగాను. ఆమెకి కోపం వచ్చి పక్కగదిలో పడుకుంది.

ఈ మాట నీకు తప్ప ఎవరికి చెప్పుకోను? నిన్ను అనుమానించడమంటే నా కుడికన్నుని అనుమానించడమే.

పోటీ దగ్గర పడుతోంది, ఇది మనసులో పెట్టుకోకు. బాగా చదువు.

పిన్ని

*

సెప్టెంబరు 9

పిన్నికి,

నేను ఇంతవరకు నీకు కోపంతో ఉత్తరం రాయలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు.

ఇవాళ మా ఊళ్లో కొత్త ఆసుపత్రి తెరిచారు. మొక్కల సార్ అక్కడి తోటకి సలహాదారట, మా క్లాసంతటినీ తీసుకెళ్లారు. లోపల నాలుగు అంతస్తుల మధ్య గాజు కప్పు వేసిన ముంగిలి. గాజు తలుపు తోసుకుని వెళ్లగానే చేపతోకలు కనిపించాయి. మనిషెత్తువి, పదిహేను పైనే. మొదట ఎంత సంతోషించానో తెలుసా? పిచ్చిదానిలా పరిగెత్తాను. తర్వాత మధ్యలో ఉన్నదాన్ని చూశాను.

పెద్దావిడ! పక్కకి వాలిన ఆ మొదలు, వేళ్ల మధ్య గట్టిగా పట్టుకున్న నల్ల గుండ్రాయి. ఆ రాయితో సహా తవ్వి తెచ్చారు. మెడదాకా మట్టి కప్పి, పైన తెల్ల గులకరాళ్లు పోశారు.

తలుపు దగ్గర కాపలా ఆవిడ అంది, "ఫొటో కావాలా పాపా? అందరూ ఆ మధ్యదాని దగ్గరే దిగుతున్నారు. గులకరాళ్లు మాత్రం జేబులో వేసుకోకు." నేను ఏడుస్తున్నానని చూసి, "ఎవరమ్మా లోపల, మీ వాళ్లా? ఏ వార్డు?" అంది. కళ్లు తుడుచుకుని ఇవతలికి వచ్చేశాను.

ఆ చోటు తెలిసింది మనిద్దరికే. ఆసుపత్రికి ఇరవై కావాలన్న మాటకారి నీ దుకాణానికే వచ్చాడు. నీ దగ్గరే చాలాసేపు కూర్చున్నాడు. 'తర్వాత రాస్తా' అన్నావు. నేను మూడుసార్లు రాయి అని రాసినా నువ్వు రాయలేదు. ఇప్పుడు ఎందుకు రాయలేదో అర్థమైంది.

నాకు పన్నెండేళ్లప్పుడు, పెద్దావిడ ఆకు ఒకటి విరిచినందుకు ఇంటిదాకా నాతో మాట్లాడకుండా నడిచావు. గుర్తుందా? ఆ పిన్ని ఎక్కడికి పోయింది? సందులోవి ఇచ్చినా ఊరుకునేదాన్ని. పొడుగమ్మని ఇచ్చినా ఏడ్చి ఊరుకునేదాన్ని. పుట్టింటిని ఇచ్చేశావు.

ఇంక రాయలేను.

*

సెప్టెంబరు 15

వ్యాసకర్త గారికి,

నమస్కారం. తమరి ఉత్తరం అందింది. అదే రోజు నేను రాసింది మీకూ అంది ఉంటుంది. రెండూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. పలకరించుకున్నాయో లేదో.

మీరడిగిన మాటకారి సంగతి: ఆయనకి చత్వారం అద్దాలు ఇచ్చాను. మొక్క ఇవ్వలేదు. వారం తర్వాత మళ్లీ వచ్చి, మొక్క వద్దు, ఎక్కడ దొరుకుతుందో చెప్తే చాలన్నాడు. అడవి చాలా పెద్దది, అద్దాలు కొత్తవి, వెతుక్కోండి అన్నాను. నవ్వి, "మీరు చెప్పకపోతే చెప్పేవాళ్లున్నారు" అంటూ వెళ్లాడు. బుకాయింపు అనుకున్నాను. రాయదగ్గ సంగతి కాదని రాయలేదు.

మీ ఉత్తరం అమ్మకి చూపించలేదు.

ఒకే ఒక ప్రశ్న. జవాబు రాయాలని లేకపోతే రాయకండి. ఆ చోటుకి దారి మీరు ఎవరికైనా చెప్పారా?

ఇట్లు,
కళ్లద్దాల దుకాణం

*

సెప్టెంబరు 22

పిన్నీ,

నీ 'మీరు' చదివాను. గోతి గురించి నువ్వు రాసిన ఉత్తరం దానికన్నా ముందే వచ్చింది. 'కుడికన్ను' దగ్గర ఆగిపోయాను. నీ ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు తెలిసింది. అయినా మొక్కల సార్ నోటితో వినాలనిపించింది. కాదంటారేమోనని ఆశ.

ప్రయోగశాలలో ఒక్కరే ఉన్నారు. "సార్, ఆసుపత్రి ఫెర్న్‌లు ఎక్కడివి?" అన్నాను.

"ఏం తల్లీ, పరీక్ష పెడుతున్నావా? నువ్వు చెప్పిన చోటివే."

"నేనెప్పుడు చెప్పాను?"

"పోటీ రోజు! పాడుబడ్డ పంపుసెట్టు దాటాక వాగుకి ఎడమ ఒడ్డున, రెండు బండలు తలలు ఆనించుకుని మాట్లాడుకుంటున్నట్టున్న చోట... ఎంత బాగా చెప్పావమ్మా. కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. వ్యాసంలో బండల వరకే ఉంది. మిగతాది నేను అడిగితే చెప్పావుగా."

చెప్పాను పిన్నీ. కుడా ఎడమా అంటే ఎడమ అన్నాను. ఎంత దూరం అంటే, వాగు గొంతు మారేదాకా అన్నాను. ఆ మాటకి ఆయన ఆహా అన్నారు. ఆ 'ఆహా' కోసం మిగతాదంతా చెప్పాను. పుట్టిల్లు అనే మాట వాడలేదని నీకు ఒట్టు పెట్టాను చూడు, అది నిజం. ఆ ఒక్క మాట దాచిపెట్టి దారంతా చెప్పేశాను. ఆయన మొక్కలు తెలిసిన మనిషి, చూడ్డానికి అడుగుతున్నారనుకున్నాను. నిన్ను నిందించేటప్పుడు ఆయన నాకు గుర్తుకైనా రాలేదు. నిజంగా రాలేదు. అదే ఇప్పుడు నాకు భయంగా ఉంది.

"చూడ్డానికన్నారు కదా సార్" అన్నాను.

"చూశాకే కదా తీశాం. అక్కడ వాటిని చూసేదెవరు?"

"మా పిన్ని."

నవ్వారు. "ఇక్కడ రోజుకి వెయ్యిమంది చూస్తారు. రేపు ఆ ముంగిట్లో పెట్టే పలకమీద నీ పేరు కూడా వేయిస్తాను, చోటు చూపించిన విద్యార్థిని అని. పై పోటీ పన్నెండో తారీకు, మర్చిపోకు. మొదటి పేరాలో ఆ బండల మాట మాత్రం మార్చకు."

నన్ను మోసం చేశానని ఆయనకి తెలియను కూడా తెలియదు. బిస్కెట్టు పెట్టి పంపారు. గుమ్మం దాటాక చూస్తే చేతిలో ఉంది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను. మధ్యాహ్నం గాజు కప్పులోంచి ఎండ నేరుగా దిగుతోంది. అంచు ఆకులు గోధుమరంగుకి తిరిగాయి. రోజూ పైపుతో తడుపుతున్నారు, గులకరాళ్ల మధ్య నీళ్లు నిలబడి ఉన్నాయి. పెద్దావిడకి కొత్త చుట్ట ఒక్కటీ లేదు. అసలు చుట్టలు వచ్చే చోటు కనిపించడం లేదు. ఆకుల వెనక చుక్కలు మాత్రం ఉన్నాయి, ముదిరి.

నీ మీద నేను రాసిన ఉత్తరం కాల్చెయ్. వద్దు, ఉంచు. నువ్వేది చేస్తే అది.

ఏమని సంతకం పెట్టాలో తెలీదు.

*

అక్టోబరు 5

మీరు పంపిన ఉత్తరం అందింది. మీరు దారి చెప్పారని తెలిసింది. మీరు

మూడోసారి 'మీరు' రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. నువ్వు అనే రాస్తాను. దాన్ని క్షమించడం అనుకోకు.

తవ్వినవాడి మీద నాకు కోపం రావడం లేదు, వాడెవడో నాకు తెలీదు. మీ సార్ మీదా రావడం లేదు. ఆయన నాకు ఒట్టు పెట్టలేదు. ఆ రోజు గోతిలో కూర్చుని ఊళ్లో వాళ్లందరినీ అనుమానించాను గిలకా. మేకల ముసలాయన్ని. సొంత అక్కని. మీ అమ్మ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. వదిలేసింది నిన్నొక్కదాన్నే. అప్పుడు నువ్వు అక్కడ కూర్చుని నన్నొక్కదాన్నే అనుమానించావు. దొంగతనం కన్నా అది ఎక్కువ నొప్పిగా ఉంది. ఎప్పుడు తగ్గుతుందో నన్ను అడగకు. అద్దం కాదు, సానపట్టి సరిచేయడానికి.

ఇప్పుడు పని సంగతి. మెడదాకా మట్టి కప్పారని నన్ను తిట్టిన ఉత్తరంలోనే రాశావు, కోపంలో నా బుర్రకెక్కలేదు. చుట్టలు కనిపించకపోవడం కాదు, అవి మట్టికింద ఉన్నాయి. మొవ్వు పాతిపెట్టారు. పైన నీళ్లు కూడా నిలబడుతున్నాయంటే లోపల కుళ్లుతోంది. చుట్టలు వచ్చే ఆ మొవ్వు ఎప్పుడూ నేలకి పైన గాలికి ఉండాలి. మనం కుండీ మార్చినప్పుడల్లా నీకు వేలితో చూపించలేదూ?

ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే, ఎండ దిగకముందే వెళ్లు. ఎవరి అనుమతి కావాలో అడుగు, దొంగలా దూరకు. గులకరాళ్లు తీసెయ్. మట్టి చేత్తోనే తియ్యి, గరిటె పెడితే మొవ్వు తెగుతుంది. గోధుమరంగు నూగు వేలికి తగలగానే ఆగు. ముందు పెద్దావిడకి, తర్వాత మిగతావాటికి. నీళ్లు తగ్గించమని చెప్పు. పైన పాత గుడ్డో గోనెపట్టానో కట్టించు. ఒప్పుకోకపోతే మళ్లీ అడుగు. గలగలా మాట్లాడడం నీకు రాకపోతే ఎవరికొస్తుంది, ఒక్కసారి మంచిపనికి వాడు.

వాటిని వెనక్కి తేవాలని చూడకు. మళ్లీ తవ్వితే ఒక్కటీ బతకదు. ముదిరిన ఆకు ఒకటి, ఒక్కటే, కోసి తెల్లకాగితంలో మడిచి అదేరోజు పోస్టులో వెయ్యి. పొడి దారిలోనే రాలుతుంది. నేను పట్టుకెళ్లి బండల మధ్య వేస్తాను. నేనొక్కదాన్నే వెళ్తాను. నువ్వు ఇంటికొచ్చినా నిన్ను తీసుకెళ్లను. ఇప్పుడే కాదు.

ఆ పొడి మొలిచి మనిషెత్తు అయ్యేసరికి ఆరేళ్లు దాటుతుంది. చూద్దాం.

పొడుగమ్మ బాగుంది. ఆమెకేం తెలుసు.

పిన్ని

*

అక్టోబరు 11

పిన్నీ,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాను.

తోట చూసే ఆఫీసులో ముందు కుదరదన్నారు. మళ్లీ అడిగాను. మూడోసారికి ఆయన తన టీ చల్లారిపోయిందని గమనించి, "సరేనమ్మా, పేషెంట్లు రాకముందే కానిచ్చెయ్" అన్నాడు. కాపలా ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "మీవాళ్లకి తగ్గిందా?" అంది. ఇంకా తగ్గలేదన్నాను. ఆరింటికి గేటు తీసి ఉంచుతానంది. గులకరాళ్లు పొయ్యడానికి బకెట్టు కూడా ఇస్తానంది, లెక్క తగ్గితే తన ఉద్యోగం పోతుందని.

హాస్టల్లో ఒకమ్మాయి పాత దుప్పటి ఇచ్చింది. కాగితం మడిచి పెట్టుకున్నాను. కవరు మీద మనింటి అడ్రసు రాశాను.

అమ్మకి విడిగా ఉత్తరం రాశాను. దారి చెప్పింది ఎవరో రాశాను. నిన్ను ఆమె, ఆమెని నువ్వు ఇంక ఏమీ అనుకోనక్కర్లేదు.

వ్యాసం తిరిగిచ్చేయమని సార్‌ని అడిగాను. పోటీ అయ్యాక ఇస్తానన్నారు. బండల మాట మార్చకూడదని మళ్లీ చెప్పారు. రేపు ఏడింటికి హాస్టల్ గేటు దగ్గరికి కారు తెస్తారు. రానని చెప్పాను, భయపడుతున్నావంతే అని నవ్వారు.

పొడి అందాక నువ్వు ఎక్కడికి వెళ్తావో, ఏ దారిన వెళ్తావో ఈ ఉత్తరంలో రాయను. ఇంకెక్కడా రాయను. నన్ను తీసుకెళ్లమని అడగను.

రేపు పొద్దున ఆరింటికి పెద్దావిడ దగ్గరే మొదలుపెడతాను. నూగు తగలగానే ఆగుతాను. అక్కడ హాల్లో మైకు నా పేరు పిలుస్తుంది. రెండోసారి కూడా పిలిచి ఊరుకుంటుంది. అప్పటికి నా చేతులు మట్టిలో ఉంటాయి.

గిలక